కమాను పక్కన నింపిన లక్క

ఆ దసరా నాడు పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మా అక్క వాకిట్లో కూర్చుని చింతపండుతో సుత్తులు తోముతోంది. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆ రోజు నేను సాయంత్రం కోసం మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాను. ఆ రోజు నుంచే ఒక బరువు మోస్తున్నాను. పదేళ్లు దాటింది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ముందు కారు సంగతి చెప్పాలి.

నిజాంసాగర్ కట్టేటప్పుడు ఒక ఇంజనీరు వాడి వదిలేసిన కారు అది. చేతులు మారి మారి, చివరికి వర్ని దారిలో ఒక చెరుకుతోట పక్కన, కప్పు లేని కొట్టంలో ఏళ్ల తరబడి వానకు నానింది. మా బావ దాన్ని ఎడ్లతో బాన్సువాడకు లాగించుకొచ్చిన రోజు ఊరంతా నవ్వింది. అడుగు రేకు లేదు. తలుపు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. సీటు కింద కోడి గుడ్లు పెట్టింది.

"గిది కారా బావా, జల్లెడనా?" అన్నాను.

"జల్లెడనే. మీ అక్క పిండి జల్లిస్తదని తెచ్చిన," అన్నాడు.

బావ కమ్మరి. బోధన్‌లో చక్కెర మిల్లు కడుతున్నప్పుడు అక్కడ పనికి పోయి, గ్యాసు మంటతో ఇనుము అతకడం నేర్చుకున్నాడు. వచ్చేటప్పుడు ఒక పాత గ్యాసు డబ్బా, రాగి ముక్కు ఉన్న మంటగొట్టం తెచ్చుకున్నాడు. డబ్బాలో కార్బైడు రాళ్ల మీద నీళ్లు పడితే గ్యాసు పుట్టేది. వీధంతా వెల్లుల్లి కంపు కొట్టేది. ఆక్సిజన్ సిలిండరు హైదరాబాదు నుంచి రావాలి. మా చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు ఆయన ఒక్కడే. నేను బడిపంతులుని. సాయంత్రం బడి వదలగానే చొక్కా విప్పేసి కారు దగ్గరికి పరుగెత్తేవాణ్ణి.

ఉపమానాలు నాకు పడవు. చూసింది చూసినట్టే చెప్తాను. నల్లద్దాల్లోంచి చూస్తే రెండు రేకుల అంచులు ముందు ఎర్రబడతాయి. తర్వాత తెల్లబడి, తడిసినట్టు మెరుస్తాయి. ఇంకొక్క క్షణం ఆగితే రెండూ జారి ఒకటైపోతాయి. మధ్యలో ఇక గీత ఉండదు. అది జరిగినప్పుడల్లా నేను అరిచేవాణ్ణి.

"ఏందిరా పంతులూ, నీ పిల్లలు పాసైనట్టు ఒర్రుతవు!" అనేవాడు బావ. కానీ అద్దాల కింద ఆయన కూడా నవ్వేవాడు. సొట్టలు పడిన రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో కొడుతుంటే, చక్రాన్ని కప్పే నలిగిన రెక్క మెల్లగా గుండ్రం తిరిగేది. దాన్ని అరచేత్తో తడిమి చూసుకునేవాళ్లం. అన్నం చల్లారిపోతోందని అక్క కేకలు వేసేది. ఎవరం కదిలేవాళ్లం కాదు. నా జీవితంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.

కారు కింద ముందు నుంచి వెనకదాకా రెండు పొడుగాటి ఇనుప దూలాలు ఉంటాయి. బరువంతా వాటి మీదే. వాటి విషయంలో బావకు ఒక పద్ధతి ఉంది. తుప్పు గోకి, జానెడు జానెడుకూ చిన్న సుత్తితో కొట్టి వినాలి. ఖంగుమంటే సుద్దతో గీత. చప్పగా మోగితే సున్న. సున్న ఉన్నచోట కోసేసి కొత్త ముక్క అతకాలి. కొట్టి వినే పని నాకిచ్చాడు. "పద్యంల ఒక్క అక్షరం తప్పు పోయినా పట్టుకుంటవు గదా, నీ చెవి మంచిది," అన్నాడు.

ఒక్క జానెడు నేను కొట్టలేదు. ఎడమవైపు వెనక. నేను అక్కడికి చేరేసరికి బావ మొదటిసారి ఇంజను నడిపించాడు. ఆ చప్పుడుకు సుత్తి పడేసి పరుగెత్తాను. తిరిగొచ్చి, అక్కడ కొట్టాననుకుని గీత గీశాను. దాని మీద నల్లరంగు పడింది.

దసరా సాయంత్రం ఆ కారులోనే జమ్మి దగ్గరికి పోవాలని అనుకున్నాం. ఊరందరికీ తెలుసు. తోమిన సుత్తులు, పట్టకార్లు, మంటగొట్టం అన్నిటికీ అక్క పసుపూ కుంకుమా పెట్టి పీట మీద పేర్చింది. పూజలో పెట్టాక మర్నాటిదాకా ఎవరూ వాటిని ముట్టుకోరు. ఆ రోజు మా ఇళ్లలో గోడకు మేకు కూడా కొట్టరు.

నేను ఊరికే ఉండలేక, గుడ్డ పట్టుకుని కారు కింద దూరాను. తుడవాలని కూడా కాదు, చూసుకోవాలని. చక్రం మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టను కమాను అంటారు. ఎడమ కమాను దూలానికి తగిలేచోట, బావ వేసిన అతుకు పక్కనే, రంగు కింద ఒక పొర లేచి ఉంది. బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి పోయింది.

అప్పుడే పిలవాల్సింది. పిలిస్తే ఏమయ్యేది? మర్నాడు మంటగొట్టం పూజలోంచి తీసి, కోసి, అతికేవాడు. ఒక్క రోజు. ఒక్క రోజు ఆగలేకపోయానా, లేక గీత గీసింది నేనేనని తెలుస్తుందని భయపడ్డానా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. రెండూ నిజమే అనిపిస్తుంది.

మా నాయన బంగారం పని చేసేవాడు. బోలు కడియం లోపల లక్క, ఇటుక పొడి కలిపి నింపేవాడు. నింపాక అది గట్టి కడియమో బోలు కడియమో చేతికి తెలియదు. ఆయన లక్క ముద్ద ఇంట్లో పెట్టెలో ఉంది. లక్క పనిముట్టు కాదు కదా, పూజలో లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పొయ్యి మీద కరిగించాను. రంధ్రం నింపి, తడివేలితో నున్నగా దిద్ది, రంగు పూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. బాగా కుదిరిందని మురిసిపోయాను.

బావ స్నానం చేసి కొత్త ధోతి కట్టుకుని వచ్చాడు.

"ఎడమ కమాను కాడ చూసినవా? గాడ నాకు జెర అనుమానమున్నది."

"చూసిన బావా. ఖంగుమంటున్నది."

"సుత్తులన్నీ పూజల ఉన్నయి గదరా. దేంతోని కొట్టినవ్?"

"నిన్ననే కొట్టిన."

ఆయన నా వైపు చూశాడు. "సరే తియ్. నీ చెవి మీద నాకు ఫికర్ లేదు. మీ అక్కను ఎక్కించు."

హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. బజారులో దుకాణాల వాళ్లు లేచి నిలబడ్డారు. మొన్న నవ్వినవాళ్లే బంతిపూలు విసిరారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, బావను కౌగిలించుకోవడానికి జనం వరస కట్టారు. వెనక సీట్లో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఇంకా పొద్దుంది. "కాలువ దాకా పోదాం," అంది. నేనే "పద బావా!" అని గట్టిగా అరిచాను.

కాలువ వంతెన దిగేచోట చక్రం గుంతలో పడింది. చప్పుడైంది. వెనక భాగం ఎడమకు కూలి, కారు గట్టు మీదికి జారింది. అక్క విసురుగా కింద పడింది. మోచెయ్యి విరిగింది.

ఆమె చేతిని తలపాగా గుడ్డతో కట్టాక, బావ వంగి చూశాడు. దూలం చీలి, ఆ చీలిక ఆయన అతుకు వెంటే పోయింది.

"నా మంట ఎక్కువైంది. పక్కనున్న ఇనుము మాడ్చిన. నేనే చేసిన," అన్నాడు.

నా కాలి దగ్గర బురదలో ఎర్రటి లక్క పెళ్ల పడి ఉంది. కాలితో కాలువలోకి తోశాను.

రంధ్రం నింపింది తొందరలో. పెళ్లను తోసింది తొందరలో కాదు.

ఆ తర్వాత బావ మంటగొట్టం వెలిగించలేదు. సిలిండరు తిరిగి పంపించేశాడు. చెరుకు గానుగ విరిగిందని కోటగిరి నుంచి రైతులు వస్తే, "నా చేతి మీద నాకే నమ్మకం లేదన్నా," అని తిప్పి పంపేవాడు. బండి చక్రాలకు ఇనుప కమ్ములు వేసుకుంటూ బతికాడు. కారు మళ్లీ తుప్పు పట్టి, ముక్కలుగా పోయింది. అక్క మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచడానికి రాదు.

పోయిన ఎండాకాలం బావకు జ్వరం వచ్చింది. పక్కనే కూర్చున్నాను. మాట నోటిదాకా వచ్చింది. "నీళ్లు కావాలా బావా?" అని అడిగాను. ఆ జ్వరంతోనే పోయాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది విరిగిన చెయ్యి కాదు, బావ ముఖం కూడా కాదు. ఇంజను అందుకున్న చప్పుడు, పూలు, అక్క నవ్వు. ఇన్నేళ్ల తర్వాత కూడా ముందు సంతోషమే వస్తుంది. అలా రావడం నా తప్పు కంటే పెద్ద తప్పేమో తెలియదు.

అక్కకు ఇంకా చెప్పలేదు. చెప్తే ఏమంటుందో ఊహించలేను. ఇక్కడిదాకా రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అంతకంటే ఏమీ మారలేదు.

మొన్న దసరాకు బావ సుత్తులు అటక మీదే ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడు పనిముట్లు పూజలో పెట్టడం లేదు.