మా మేడమీది డబ్బా

పాప కడుపులో పడినప్పటి నుంచి మోస్తున్న బరువు ఇది. పాప ఇప్పుడు బడికి పోతోంది. బరువు మాత్రం దిగలేదు. ఇవాళ మీకు చెప్పేస్తానని అనుకుంటేనే గుండె దడదడలాడుతోంది. భయమా? సంతోషమా? రెండూ కావచ్చు.

ఆబిడ్స్ వైపు మా గల్లీల్లోనూ, నాంపల్లి వైపు గల్లీల్లోనూ మేడల మీద చిన్న రేడియో డబ్బాలు పెట్టుకున్నాం. ఇంటర్నెట్ లేకపోయినా, ఫోన్‌లో రాసిన కబురును ఒక డబ్బా అందుకుని పక్క డబ్బాకు అందిస్తుంది. కంపెనీ లేదు, పైన పెద్దలెవరూ లేరు. ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది నాంపల్లి నర్సింగ్ మామ, రిటైరైన గుమాస్తా. డబ్బాలు బిగించింది ఎలక్ట్రానిక్స్ చదివిన నేను. ‘చాయ్ తాగినవా బిడ్డా’ అని మామ పంపిన మొదటి కబురు మేడ మీంచి మేడ మీదికి దూకుతూ వచ్చి నా ఫోన్‌లో పడ్డ సాయంత్రం గంతులేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత నెల తప్పాను. డబ్బా రేడియో తరంగాలు కడుపులో బిడ్డకు మంచివి కావని ఎవరో అన్నారు. అంత భయపడాల్సిందేమీ లేదని చదువుకున్న నాకు తెలుసు. అయినా నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పకుండా మా డబ్బా వైరు పీకేశాను. ఫోన్ మాత్రం దిండు కిందే పెట్టుకున్నాను.

ఒకటి ఆగితే ఇంకొకటి మోస్తుందని అందరికీ గొప్పగా చెప్పినదాన్ని. కాని రెండు వైపులకూ కనిపించే ఎత్తైన మేడ మాదొక్కటే. అది నాకు తెలుసు. అటు కబుర్లు అటే, ఇటువి ఇటే ఆగిపోయాయి. ఏ డబ్బా ఆగిందో ఇంటివాళ్లు చెప్పిందే నమ్మాలి. మామ మా ఇంటికి వచ్చారు.

“ఏంది బిడ్డా, నీ డబ్బా మంచిగున్నదా?”

“ఔ మామా, నడుస్తున్నది.”

“గట్లయితే నాదే ఖరాబైనట్టున్నది. లీడర్ డబ్బానే పండుకున్నదని గల్లీల నవ్వుతున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు, పైకెక్కకు. కడుపుతోని ఉన్నవ్.”

ఆయన తన డబ్బాను ఎన్నిసార్లు విప్పి బిగించినా రెండు వైపులూ కలవలేదు. ఎలా కలుస్తుంది? చివరికి డబ్బా దింపేసి, నలుగురిలోకి రావడమే మానేశారు. నేను నోరు విప్పలేదు. పాప కోసమా? కాదు, నా పరువు కోసం.

ఈమధ్య గల్లీ వాళ్లు కొత్త డబ్బాలతో మళ్లీ మొదలుపెట్టారు. మా మేడ మీదా ఒకటి వెలిగింది. అదే పాత హుషారు నాలో. ఇవాళ అందులోనే ఒక కబురు వచ్చింది: “నర్సింగ్ మామ ఇల్లు ఈసారి వద్దు. ముసలాయన చెయ్యి పెడితే మళ్ల ఆగమైతం.”

మీకు చెప్పిన ఈ మాటలే, మా ఇంటి పేరు పెట్టి, అందరికీ పంపాను. ఒకసారి వదిలాక తుడిచేసే దారి లేదు. ఈపాటికి ప్రతి ఇంటికీ చేరే ఉంటాయి. పొద్దున్నే మామ దగ్గరికి నేనే వెళ్తాను. ఏమంటారో తెలియదు. తలుపే తీయకపోవచ్చు.

అయినా, చెప్పేశాను.