ఈతపండ్ల పథ్యం

రాజోలిలో ఎవరికి పన్ను సలిపినా జమ్ములమ్మ వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఈత వేరు ముక్క కడిగి, నమలమని చేతిలో పెట్టేది. ఎండకు ఒళ్లు వేడి చేసిందంటే, పొద్దు పొడవకముందు దించిన నీరా తాగమనేది. పులిస్తే అది మందు కాదు, కల్లేనని తిట్టి మరీ చెప్పేది. బడికి పోయింది రెండేళ్లే. అరవై రెండేళ్లొచ్చాయి. పత్తి చేలల్లో వంగి వంగి నడుము పోయింది, నోరు మాత్రం వంగలేదు.

కోడలు రేఖకు ఏడో నెల. కొడుకు బాలరాజు బెంగళూరులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. రక్తం ఏడున్నరే ఉంది, ఇట్లాగే ఉంటే కాన్పులో ప్రాణం మీదికొస్తుందని దవాఖాన నర్సు సరిత ఐరన్ మాత్రలిచ్చింది. ఖర్జూరాలు కూడా తినమంది.

"ఖర్జూరమేంది? మన ఈతపండుకు సుట్టమే గదా!" అంది జమ్ములమ్మ.

ఆ రోజే వాగు గట్ల వెంట తిరిగి, ముళ్లకు చేతులు గీరుకుపోయినా పసుపెక్కిన గెలలు కోసుకొచ్చింది. ఉప్పునీళ్లు చల్లి గోనెసంచి కప్పింది. తెల్లారేసరికి నల్లగా మాగాయి. రోజూ గిన్నెడు. పండులో గింజే పెద్దది, గుజ్జు పలచన. ఆమెకు తెలియని సంగతేమీ కాదు, ఒప్పుకుంటే కదా!

మాత్రలు మాత్రం బియ్యం డబ్బాలో దాచేసింది. నాటుమందు తినేటప్పుడు మరో మందు తగలకూడదన్నది వాళ్లమ్మ నేర్పిన పథ్యం.

"రెండు మందులు ఒక్క కడుపుల కొట్లాడుకుంటయే, పిల్లా. ఇది అయినంక అది."

వాదించే సత్తువ రేఖకు లేదు.

నెల తర్వాత దవాఖానలో పరీక్ష చేస్తే ఏడుకు దిగింది.

"మాత్రలు ఏసుకుంటున్నవా?" అని సరిత అడిగింది.

"ఏసుకుంటున్న, మేడం," అంది రేఖ, అత్త వైపు చూడకుండా.

"ఏసుకున్నా తగ్గిందంటే లోపల ఇంకేదో రోగముంది," అంటూ సరిత పెద్ద పరీక్షలకు రాయడానికి చీటీ తీసింది.

వరసలో కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది జమ్ములమ్మ ఇచ్చిన వేరు నమిలినవాళ్లే. నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు పోతుంది. విప్పకపోతే లేని రోగాన్ని వెతుకుతూ కూర్చుంటారు, కోడలికి నిండే నెలలు ఆగవు.

"రాయకు, సరితమ్మా. ఆ పిల్ల ఒక్కటి గూడ మింగలే. నేనే దాపెట్టిన."

"ఎందుకవ్వా గట్ల జేసినవ్?"

"పత్తెం..." అంది జమ్ములమ్మ.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వు, నవ్వు. రేపు పన్ను సలిపితే నా గడపకే వస్తవు గద," అంది జమ్ములమ్మ. గొంతులో పదును లేదు.

సరిత నవ్వలేదు. "పండ్లు పెట్టు, బలమే. కానీ ఇంత తక్కువున్న రక్తం పండ్లతోని ఎక్కదవ్వా. మాత్రలతోని గూడ ఇప్పుడు ఆలస్యమైతది. గద్వాల దవాఖానల ఐరన్ ఎక్కిస్తరు. ఇయ్యాల్నే పోండ్రి."

మధ్యాహ్నానికి గద్వాలలో రేఖ చేతికి సూది గుచ్చి సీసా పెట్టారు. గోధుమరంగు మందు చుక్కచుక్కగా దిగుతోంది. జమ్ములమ్మ మంచం పక్కన నేల మీద కూలబడి కాళ్లు చాపుకుంది.

"నన్ను తిట్టవేందే?"

"ఓపిక లేదత్తా. రక్తమెక్కినంక తిడత."

"తిట్టు. నేను నోరెత్తను," అంది జమ్ములమ్మ, సీసా మీద నుంచి చూపు తీయకుండా.