నాలుగు గుంపుల తర్వాత

మాచర్ల దాటాక కృష్ణ ఒడ్డున, నాపరాళ్లు పేర్చి కట్టిన ఒంటి గదిలో నా ఉద్యోగం. పెళ్లి కాలేదు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. పెదకూరపాడులో ఒక అక్క ఉండేది, ఆమె సంసారం ఆమెది. పొద్దున్నే ఏట్లో పాతిన స్కేలు మీద నీటిమట్టం చూసి, వాన ఎంత పడిందో కొలిచి, ఆ అంకెలు వైర్‌లెస్ సెట్లో చెప్పడం నా పని. నాకు ఎగువన, ఏటి అవతలి గట్టు మీద ఒక స్టేషను. ఇటు చివర నరసరావుపేట ఆఫీసు. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి ఆ రెండు చోట్ల వాళ్లకూ ఒకరి గొంతు ఒకరికి వినపడదు. అటు అంకెలు ఇటు, ఇటు అంకెలు అటు నేనే దాటించాలి. రోజూ ఇద్దరి మాటా నా నోటి మీదుగానే పోయేది. నాతో మాట్లాడేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మెసేజికి ఒక పద్ధతి ఉండేది. అంతా నాలుగేసి అంకెల గుంపులు. ముందు స్టేషను నంబరు, తర్వాత వేళ, నీటిమట్టం, వాన. అవి అయ్యాక ఎవరైనా ఇంకో గుంపు చేర్చవచ్చు. మున్ముందు కొత్త కొలతలు వస్తాయి, అన్ని స్టేషన్ల వాళ్లకూ ఒకేసారి నేర్పడం కుదరదు, అందుకని ఆ వెసులుబాటు. ట్రైనింగులో మాకు నేర్పినాయన చండశాసనుడు.

"నీకు తెలిసింది సరిచూడు. తెలియందాని జోలికి పోబాక, అట్టాగే దాటించు. దాని సంగతి అవతలోడికి తెలిసుంటది," అని బల్ల గుద్ది చెప్పేవాడు. సెట్లో సొంత కబుర్లు చెబితే మెమో ఇస్తామని కూడా అప్పుడే బెదిరించాడు.

ఒక వానాకాలం నరసరావుపేట నుంచి ఎగువకు వెళ్లే జవాబులో రోజూ ఒక గుంపు ఎక్కువ రాసాగింది. ఒకటి, సున్నా, మూడు, ఆరు. మర్నాడు ఒకటి, సున్నా, రెండు, ఎనిమిది. నాకిచ్చిన పుస్తకమంతా వెతికినా దానికి అర్థం కనపడలేదు. పైన నీళ్లు వదలమని ఆర్డరేమో, నాకు మాట మాత్రం చెప్పకుండా నన్ను ఏట్లో కలిపేస్తారేమో అని బియ్యం డబ్బా బల్ల మీదికి ఎక్కించాను. ఏరు మాత్రం తన దారిన తాను పోతోంది. ఉండబట్టలేక ఎగువ ఆపరేటరునే అడిగేశాను.

"ఆ చివరిది ఏంది బాబాయ్?"

"దాటించవయ్యా," అన్నాడు, అంతే. నాకు ఒళ్లు మండింది. వాళ్లిద్దరికీ తెలిసిన ముచ్చట నా నోటితో చెప్పిస్తూ, నన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించింది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం యాభై దాటిన మనిషి ఒకాయన రేవు దగ్గర బస్సు దిగి, నేరుగా నా గదికి వచ్చాడు. నోరు తెరవగానే గుర్తుపట్టాను, అది ఎగువ స్టేషను గొంతు. గురజాల ఆయనట. పక్కన బాగా చిక్కిపోయిన భార్య. టైఫాయిడ్ వస్తే ఆమెను నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాడు. వానాకాలం లీవు ఇవ్వరు కాబట్టి తాను స్టేషనుకు తిరిగి వచ్చేశాడు. నరసరావుపేట ఆపరేటరు రోజూ డ్యూటీకి ముందు ఆసుపత్రికి వెళ్లి, ఆమె జ్వరం ఎంతుందో కనుక్కుని, చివరి గుంపుగా చెప్పేవాడట. నూట మూడు పాయింట్ ఆరు. నూట రెండు పాయింట్ ఎనిమిది.

"నా జొరం రోజూ నువ్వే మోశావంటగా నాయనా," అందామె.

టీ కాచి ఇచ్చాను. వాళ్లు పుట్టి ఎక్కి అవతలి గట్టుకు పోతుంటే ఒడ్డున నిలబడి చూశాను. నిజానికి సంతోషించాలి. నాకు కలిగింది అసూయ. పొద్దున్నే నా జ్వరం కోసం చెవి ఒగ్గి కూర్చునేవాళ్లు ఎవరున్నారా అని ఆలోచిస్తే, ఒక్క ముఖమూ తోచలేదు.

మరుసటి ఏడు వానల్లో నాకే జ్వరం పట్టుకుంది. మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. దుప్పటి కప్పుకునే ఏటి దాకా వెళ్లి, స్కేలు చూసి వచ్చాను. థర్మామీటరు పెట్టుకుంటే నూట మూడు పాయింట్ రెండు. సెట్లో నా నాలుగు గుంపులూ చెప్పాను. మాట్లాడే స్విచ్చి మీదే వేలు ఉండిపోయింది.

"ఒకటి, సున్నా, మూడు, రెండు," అన్నాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు.

నరసరావుపేటలో పాతాయన అప్పటికే బదిలీ అయిపోయాడు. కొత్తాయన అయిదు గుంపులూ తిరిగి చదివాడు. "ఆఖరిది మా పుస్తకంలో లేదండీ. అట్టాగే పై ఆఫీసుకు పంపుతున్నా," అన్నాడు. కాసేపటికి పై ఆఫీసు జవాబు కూడా వచ్చింది, అయిదూ తప్పు లేకుండా అందాయని. నా జ్వరాన్ని అందరూ ఎంతో భద్రంగా దాటించారు. వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు. అయినా ఏడుపొచ్చింది.

సెట్టు ఆపబోతుంటే ఎగువ గొంతు పలికింది. నేను నరసరావుపేటకు చెప్పేదంతా ఆయనకూ వినపడుతుందన్న సంగతే మరిచిపోయాను. మెమో ఊసే లేనట్టు, అరుగు మీద కూర్చుని పలకరించినట్టు అడిగాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నూట మూడేందిరా? ఇంట్లో ఎవరికి?"

స్విచ్చి నొక్కాను. వదిలేసి మళ్లీ నొక్కాను.

"ఇంట్లో ఎవరున్నారు బాబాయ్," అన్నాను. "నాకే."