ఉదయగిరిలో చూసి ఆత్మకూరులో చెప్పిన ఆఖరి భాగం

జపాను బొమ్మల సీరియల్ ఒకటి ఈ వారంతో అయిపోతోందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా అక్క మనవరాలు. కూరలో ఉప్పు వేస్తున్న నా దగ్గరికి వచ్చి, చిన్నవ్వా, ఆఖరి భాగం నేను చూసేదాకా దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే అన్నం తిననని ఆన పెట్టి మరీ పోయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పక్కన కూర్చుని నేనూ వాటిని చూస్తుంటాను. కత్తులు దూసి దయ్యాల మీదికి ఎగిరే రకం నాకు పట్టదు, ఆ అరుపులకు తల తిరుగుతుంది. కానీ కొన్నిటిలో మాటా పాటా లేకుండా వాన కురుస్తూ ఉంటుంది, రైలు కోసం ఒక మనిషి ఊరికే నిలబడి ఉంటాడు, చూసేవాళ్ళ మనసుకు అక్కడ కాస్త చోటు దొరుకుతుంది. అట్లాంటివి గీసిన చేతులను దేవుడు దీవించాలని అనుకుంటాను. నా ఈడు వాళ్ళు ఇది చదివి, ఈ వయసులో ఈమెకు బొమ్మలేమిటని నవ్వుకుంటారేమో గానీ, నాకు ఆ రుచి తగిలింది ఇప్పుడు కాదు, తొంభైల్లో, ఉదయగిరిలో, ఈ పిల్ల తల్లి పక్కన కూర్చుని.

మా అక్కను సీతారామపురం అవతలి పల్లెలో ఇచ్చారు. అక్కడ బడి దూరం, బస్సులు తక్కువ. అందువల్ల అక్క కూతురు మా ఇంట్లో ఉండి మూడో తరగతి చదివేది. నేను మాత్రం బడి గడప తొక్కలేదు. చిన్నతనమంతా జ్వరాలతో పోతే, మా నాయన బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ మేలుకు ఇప్పటికీ ప్రతి ఉదయం దేవుడికి స్తోత్రం చెల్లిస్తాను.

ఆదివారం పొద్దున చర్చి గంట కొట్టకముందు టీవీలో అట్లాంటి జపాను బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది. మంచుదేశం, ఒక గుర్రబ్బండి, దాన్ని తోలే ముసలాయన, ఆయన పక్కన శాలువా కప్పుకున్న ఒక చిన్నపిల్ల. మాటలన్నీ హిందీ. ఆరో తరగతికి వస్తే గానీ బడిలో హిందీ చెప్పరు కాబట్టి మా పిల్లకు రాదు, నాకు అసలే రాదు. కనుక బొమ్మలను బట్టి నేనే కథను తెలుగులో చెప్పుకుంటూ పోయేదాన్ని. ఆ ముసలాయన పిల్లను తల్లి దగ్గర నుంచి ఎత్తుకుపోతున్న దొంగ అని మొదటి వారమే ఇద్దరం తేల్చేశాం. బండి ఏ ఊళ్ళోనూ నిలవనీయడు, ఎవరైనా పిల్లను పలకరిస్తే కసురుకుంటాడు, ఎవరూ చూడకుండా ఒక పెట్టె తెరిచి చూసుకుని టక్కున మూసేస్తాడు. దొంగతనానికి ఇంకేం రుజువు కావాలి? వారం వారం మేము వాడిని తిట్టని తిట్టు లేదు. తల్లి ఏ మలుపులో ఎదురొస్తుందా అని పిల్ల నా మోకాలు పట్టుకుని కూర్చునేది.

ఎదురింటి బూబమ్మ కూడా చూసేది, మా గడప దగ్గరే కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. భర్త పోయిన మనిషి, వీధి మలుపు దాటడం ఎవరూ చూడలేదు. ఆమె ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, టీవీలో వచ్చేది హిందీ. పేర్లు వేరు గనుక భాషలూ వేరే అనుకున్నామే తప్ప, ఆమెను ఒక్కసారి అడుగుదామని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మా ఊరికి కొండ అడ్డం. బొమ్మ సరిగా పడాలంటే దొడ్లో వెదురు గడకు కట్టిన యాంటెన్నాను తిప్పుతూ ఉండాలి, ఆ పని పిల్లది. ఆఖరి భాగం ఇంకో వారం ఉందనగా, గాలికి తిరిగిపోయిన గడను సరిచేయబోతే, దానికింద వంగి ఉన్న కంచె కంప ఒక్క ఊపున పైకి లేచి ముల్లు కుడికంట్లో దిగింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆత్మకూరులో కంటి డాక్టరు కుట్లు వేసి రెండు కళ్ళకూ కట్టు కట్టాడు. కట్టు విప్పేదాకా తల కదపకూడదు, ఏడవకూడదు, ఏడ్చి కుట్లు కదిలాయంటే ఆ కన్ను మీద ఆశ వదులుకోవలసిందేనన్నాడు. చీకట్లో వెల్లకిలా పడుకున్న ఎనిమిదేళ్ళ పిల్లను ఏడవకుండా చూసుకోవడమంటే ఏమిటో బిడ్డలను పెంచిన మీకు నేను చెప్పనక్కరలేదు. పెదవి వణికినప్పుడల్లా మా అక్క ముఖం పాలిపోయేది. శనివారం నేను నాయనకు వండిపెట్టడానికి ఊరికి బయలుదేరుతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"చిన్నమ్మా, రేపు ఆ పిల్లకి వాళ్ళమ్మ కనపడుద్దో లేదో చూసొచ్చి చెప్పు. నువ్వొచ్చిందాకా ఏడవను, పో."

ఇంటికి వచ్చేసరికి టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. మనవరాలి కన్ను తీసిన పెట్టె ఇక ఈ ఇంట్లో పలకదని నాయన అనేశాడు. పిల్ల అడిగిన మాట చెప్పాను. ఆదివారం వేళ దగ్గరపడుతున్నా దుప్పటి అట్లాగే ఉంది. గడప దగ్గర బూబమ్మ అప్పుడే వచ్చి కూర్చుంది. నాయన మమ్మల్ని ఇద్దరినీ ఒకసారి చూసి, లేచి, దుప్పటి లాగేసి, దొడ్లోకి నడిచాడు. కాసేపటికి అక్కడి నుంచి, "పడిందా అమ్మా? ఇంకా తిప్పేదా?" అని కేక వినిపించింది. అయిపోయేదాకా ఆ పెద్దమనిషి గడ వదలలేదు.

ఆ రోజు బండి సముద్రం ఒడ్డుకు చేరింది. ఓడ బయలుదేరబోతోంది. పిల్ల దూకి పరుగెత్తింది. ముసలాయన పిలవలేదు, అట్లా చూస్తూ కూర్చున్నాడు. ఇక తప్పించుకుందని నేను చప్పట్లు కొట్టబోతుండగా ఆ పిల్ల మెల్లగా వెనక్కి వచ్చి, బండెక్కి, ఆయన చేతిలోని పగ్గాలు తాను అందుకుంది. పెట్టెలో ఉన్నది ఆడమనిషి శాలువా. దాన్ని ఇద్దరూ కలిసి నీళ్ళలో వదిలారు. మంచు పడటం మొదలైంది. అంతే. తల్లి ఎక్కడా రాలేదు.

ఏంది ఈ పిల్ల, దొంగ దగ్గరికే మళ్ళీ పోయిందే అని నేను గడప వైపు తిరిగితే, బూబమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"దొంగ కాదు అమ్మీ, ఆ బిడ్డకి తాత. అమ్మ సచ్చిపోయినాదని మొదటి వారమే చెప్పినారు. బిడ్డకి చెప్పే ధైర్యం లేక ముసలాయన ఊరూరూ తిప్పినాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే బూబమ్మా!"

"నువ్వు కత చెప్తా ఉంటే పిల్ల కళ్ళు ఎట్ట మెరిసేవో నువ్వు చూడలా. నేను వాటినే చూస్తా ఉన్నాను."

తల్లి లేదని చెబితే పిల్ల ఏడుస్తుంది, కన్ను పోతుంది. కనపడిందని చెబితే అబద్ధం. నా నోట అబద్ధం రాకుండా నాయన నన్ను పెంచాడు. నేను ఏమీ అడగకముందే బూబమ్మ ఇంటికి వెళ్ళి బురఖా వేసుకుని వచ్చింది. "పద, నేనూ వస్తా" అంది. ఆరాధన మానుకుని బస్సెక్కడం నాకు అదే మొదలు. వింజమూరులో బస్సు మారి పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె పెదవులు కదులుతున్నాయి, నావీ కదులుతున్నాయి. ఇద్దరం అడిగింది ఒకటే అయి ఉంటుంది.

వరండాలోనే అక్కకు చెప్పేశాను. అక్క నా భుజాలు పట్టుకుని ఊపింది. "నీ సత్యాన్ని కట్టకట్టి అటకెక్కించు. అమ్మ దొరికిందని చెప్పు, చాలు!"

పిల్ల మా అడుగులు వినగానే అడిగింది. కనపడిందా? అక్క మంచం అవతలి నుంచి చెప్పమని చేతులతో బతిమాలుతోంది. అప్పుడు బూబమ్మ మంచం పక్కన చతికిలబడి, పిల్ల అరిచెయ్యి తన అరిచేతిలో పెట్టుకుని, ఓడ దగ్గర నుంచి మొదలుపెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మరి వాళ్ళమ్మ?"

"అమ్మ లేదు బిడ్డా. ముందునుంచే లేదు. ఉండేది తాతే."

ముగ్గురం ఆ కట్టు వైపే చూస్తున్నాం. పిల్ల పెదవి ఒకసారి వణికింది. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల నోరు తెరిచింది.

"అట్టయితే ఆయన దొంగ కాదా?"

"కాదు."

"అయ్యో చిన్నమ్మా! ఆయన్ని పురుగులు పడి పోతాడని తిట్టినామే మనం!" అని, ఇంకా ఎన్ని తిట్టామో తలచుకుని, కిసుక్కున నవ్వింది. నవ్వితే మాత్రం కుట్లు ఊరుకుంటాయా అని నర్సమ్మ పరుగున వచ్చి మమ్మల్నందరినీ ఝాడించింది. ఆ చీవాట్లంత తియ్యని మాటలు నేను మళ్ళీ వినలేదు.

కానీ గండం అక్కడితో గడవలేదు. కట్టు విప్పడానికి ఇంకా రోజులున్నాయి. తాతను తిట్టిన పాపం పోవాలంటే కథంతా మొదటినుంచి నిజంగా వినాలని పిల్ల పట్టుబట్టింది. వీధి మలుపు దాటని బూబమ్మ ఆత్మకూరు ఆసుపత్రిలో నేల మీద పడుకుని, నమాజు వేళల్లో తప్ప ఆ మంచం విడవలేదు. ఏ వారం ఏమి జరిగిందో, గుర్రం ఎట్లా సకిలించిందో, తాత ఏమని కసిరాడో, ఎందుకు కసిరాడో వరసగా చెప్పింది. ఏడుపు వచ్చే చోట ఆగి, పిల్ల ఊపిరి సర్దుకున్నాక మళ్ళీ అందుకునేది. పక్క మంచాల వాళ్ళు కూడా మాటలు ఆపి వినేవాళ్ళు. పిల్ల తల కదల్చలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపిస్తే రెండని చెప్పింది. ఆ కంట కొంచెం మసక మిగిలింది, అద్దాలు వచ్చాయి, అయినా చూపు నిలిచింది. దేవుడికి వందనాలు.

ఇప్పుడు బొమ్మల కింద అక్షరాలు పరుగెడుతుంటాయి, ఎవరు ఏమన్నారో మా పిల్లలకు అప్పటికప్పుడే తెలిసిపోతుంది, మాలాగా ఒక తాతను నెలల తరబడి అన్యాయంగా తిట్టే పని లేదు. అది మేలే. అయితే కథ తెలుసుకోవడానికి గడప దగ్గర కూర్చున్న మనిషి వైపు తిరగవలసిన పని కూడా లేకపోయింది. బూబమ్మ ఉన్న ఆ ఎదురింట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో నాకు తెలియదు.

బూబమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె అసలు పేరు మా వీధిలో ఎవరూ పలకలేదు కనుక నేనూ రాయడం లేదు. ఇది చదివిన మీరు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచేవారైనా సరే, ఈ రోజు ప్రార్థనలో ఆమెను ఒక్కసారి తలచుకోండి. ఆమె ఎవరో ఆయనకు తెలుసు.