పడవవాడు బతికొచ్చిన ముగింపు

పోయిన వారం మా అమ్మాయి పుస్తకాలు బైండింగుకి ఇవ్వడానికి తిరుపతిలో ఒక చిన్న అంగడికి వెళ్లాను. లోపల పొయ్యి మీద మైదా బంక ఉడుకుతోంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా అది నాకు సుశీలమ్మ మేడమ్ పుస్తకాల వాసనే. దాని వెనకే సిగ్గు కూడా వచ్చేస్తుంది.

తొంభైల చివర్లో నేను బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. గుజ్జు నాణ్యత చూసే ల్యాబుకి మేడమ్ పెద్ద, నేను కొత్తగా వచ్చిన సహాయకుణ్ణి. కాయలొచ్చే కాలంలో తల గోక్కోవడానికి తీరిక ఉండదు, మిగతా ఏడాది పెద్దగా పనుండదు. ఒక వారపత్రికలో ఏళ్ల తరబడి వచ్చిన జానపద సీరియల్ పేజీలను మేడమ్ చింపి, కుట్టి, తనే బంక కాచి అట్టలు వేసి తొమ్మిది పుస్తకాలు చేసింది. పోగొట్టుకున్న రాజ్యం కోసం నదులు దాటిపోయే రాకుమారి, ఆమెను కన్నబిడ్డలా కాచుకునే ముసలి పడవవాడు, మాంత్రికులు, యుద్ధాలు. ఆ పుస్తకాలు ఫ్యాక్టరీలో చేతులు మారుతూ తిరిగేవి. అన్నాలు తిన్నాక ఖాళీ డ్రమ్ముల షెడ్డు నీడలో కూర్చుని అందరూ వాటి మీద తగువులాడుకునేవాళ్లు. మేడమ్ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. వరసలో అందరికంటే వెనకున్నవాడు ఎందాకా చదివితే, మాట అందాకానే. "వెనకొచ్చేవాళ్ల నోటికాడ కూడు లాక్కోగూడదు" అనేది.

ఆ వెనకున్నవాణ్ణి నేనే. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ, గుడియాత్తం పక్కన అమ్మమ్మ ఊళ్లో పెరిగి తమిళ బడిలో చదువుకున్నాను. తెలుగులో నాకు చదవడం వచ్చిందల్లా బస్సు బోర్డులు. ఆ సంగతి చెప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. బాయిలర్ దగ్గర పనిచేసే మునిరత్నం, నేను చిత్తూరు నుంచి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. దారి పొడుగునా అతను కథ చెబితే విని, పుస్తకం నలగకుండా వెనక్కి ఇచ్చేసేవాణ్ణి.

ఒకరోజు అయిదో పుస్తకంలోని కోట యుద్ధం మీద మాటలు నడుస్తున్నాయి. నేనూ ఏదో ఒకటి అనాలి కదా.

"అన్నిటికంటే ఆ ముసిలాయన కోట గోడ ఎక్కేది బాగుండాది మేడమ్. ఆ వయసులో ఏం ధైర్యం!" అన్నాను.

డబ్బాలు నింపే చోట పనిచేసే రమణమ్మకు నవ్వొచ్చి మజ్జిగ పొలమారింది. "మూడో పుస్తకంలో సచ్చిపోయినాయన అయిదో పుస్తకంలో గోడెట్ల ఎక్కినాడబ్బా?"

షెడ్డంతా గొల్లుమంది. మునిరత్నం తల వంచుకున్నాడు. "ఆయన్ను సంపేదానికి నాకు నోరు రాలేదబ్బా" అని నా చెవిలో గొణిగాడు.

మేడమ్ నవ్వలేదు. "సదవలేదా శేఖరా?"

"తమిళంలో సదువుకున్నాను మేడమ్. తెలుగు కూడబలుక్కోవాల."

"సరే. అయితే ఈ పొద్దు నుంచి మాట మొదటి పుస్తకం కాడికే. శేఖర వచ్చేదాకా అందురూ ఆగండి."

తిట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. ఆమె తిట్టలేదు, ఆగింది. తొమ్మిది పుస్తకాలూ చదివేసినవాళ్లు నా కోసం నోరు కట్టుకుని కూర్చున్నారు. "యాడిదాకా వచ్చినావబ్బా?" అని ఎవరో ఒకరు రోజూ అడిగేవాళ్లు. జవాబు చెప్పాలంటే తల తీసేసినట్టుండేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేలు పెట్టుకుని చదివేవాణ్ణి. మూడో పుస్తకంలో పడవవాడు చచ్చిపోయే చోటు మిగతావాళ్లకు రెండు పేజీలు. నాకు మాత్రం ఒక్కొక్క అక్షరమే పోతూ పోతూ, చిత్తూరులో మొదలైన ఆ చావు మర్నాటికి గానీ పూర్తికాలేదు. బస్సులో అందరి ముందూ ఏడ్చాను. పుస్తకం చదివి ఏడవడం నాకదే మొదలు. అది మేడమ్ పెట్టిన భిక్షే.

కాయల కాలం వచ్చింది, చదువు ఆగింది. అలా రెండుసార్లు జరిగాక, నేనింకా ఎనిమిదో పుస్తకంలో ఉండగానే మేడమ్ పని మానుకునే రోజు వచ్చింది. ముగింపు గురించి ఆమె ఒక్క మాట కూడా ఎవరితోనూ అనకుండానే వీడ్కోలు దండ వేయించుకుంది. పోతూ పోతూ తొమ్మిదో పుస్తకం నా చేతిలో పెట్టి, "అయిపోయినాక ఇంటికి రా. నువ్వేమనుకున్నావో నాకు సెప్పల్ల" అంది.

చదివాను. చివర్లో రాకుమారి మంత్రజలం చల్లి చచ్చినవాళ్లందరినీ లేపుతుంది. పడవవాడూ కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంటాడు. నాకు ఒళ్లు మండింది. బస్సులో నేను ఏడ్చిన ఏడుపు ఏమైనట్టు? కానీ మునిరత్నం, "ముగింపు అదిరిపోయింది గదా! ముసిలాయన బతికేసినాడు" అన్నాడు. రమణమ్మా అదే అంది. అడిగిన ప్రతివాళ్లూ అదే అన్నారు. తెలుగు సరిగ్గా రాని నాకే ఏదో అర్థం కాలేదనుకున్నాను.

చిత్తూరులో మేడమ్ ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సెప్పు. ముగింపు ఎట్లుండాది?"

"శానా బాగుండాది మేడమ్."

"నిజంగానా?"

"నిజంగానే మేడమ్. పడవాయన బతికినాడు గదా."

ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టి, "నాకు నచ్చలేదప్పా. సచ్చినోళ్లకోసం అంత ఏడిపించి, మళ్లా లేపేస్తే ఎట్ల? పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అందురూ బాగుండాదనే అన్నారు. నువ్వు మెల్లింగా సదివినావు గదా, నీకైనా అట్ల అనిపించుంటాదనుకున్నా" అంది. చిన్నగా నవ్వింది. "సరేలే. నేనొక్కదాన్నేనన్నమాట."

నాకూ అంతే మేడమ్ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడంటే ఆమె మెప్పుకోసం మాట మార్చాననుకుంటుందని కాఫీ తాగేసి లేచాను. తర్వాత ఆమె సూళ్లూరుపేటలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఈసారి వెళ్లి చెప్పాలి అనుకుంటూ ఉండగానే పోయిందని తెలిసింది.

ఇప్పుడు మా అమ్మాయి, దాని స్నేహితులు మా వరండాలో కూర్చుని లావుపాటి మాయాలోకాల నవలల మీద కొట్టుకుంటూ ఉంటారు. వాళ్లలో ఒక పిల్ల అందరి మాటలూ అయ్యాక, నేనడిగితే, "నాకూ నచ్చింది అంకుల్" అంటుంది కిందికి చూస్తూ. నేను నా గ్లాసు కింద పెడతాను. "నిజంగానా?" అని అడిగి, ఆ పిల్ల తలెత్తేదాకా ఆగుతాను.