నీలం అంచు చీరలో గూఢచారి సినిమా

ప్రొద్దుటూరులో నేను టీచరు ట్రైనింగు చేసిన ఏడాది నా డైరీలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే మాట "వినపడలేదు". అది నా మాట కాదు. నా పాఠం చూడడానికి వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు రాసిన మాట. వాళ్ళ కాగితాల్లోంచి నేను డైరీలోకి ఎత్తి రాసుకునేదాన్ని.

ట్రైనింగులో విమర్శ పాఠం అని ఒకటి ఉండేది. మనం నాలుగో తరగతి పిల్లలకు పాఠం చెబుతుంటే తోటి ట్రైనింగు అమ్మాయిలు పదిమంది వెనక కూర్చుని తప్పులు రాస్తారు. వాళ్ళ మధ్యలో కుర్చీ వేసుకుని, మార్కులు వేసే పెద్ద టీచరు గారు. పాఠం అయిపోయాక అందరూ ఒక్కొక్కరుగా లేచి ఆ తప్పులు చదివి వినిపిస్తారు. నా మొదటి పాఠానికి "ఉపాధ్యాయిని పాఠమును నల్లబల్లకు చెప్పినది, పిల్లలకు కాదు" అని రాసింది నా రూమ్మేటే. పొద్దున నాకు జడ వేసిన మనిషి! అదేమని అడిగితే, "స్నేహం స్నేహమే, విమర్శ విమర్శే మే" అంది. వీరపునాయునిపల్లె అమ్మాయి, మొహమాటం అనేది పుట్టుకతోనే లేదు.

రెండో పాఠానికి పెద్ద టీచరు గారే ఎర్ర సిరాతో రాశారు: "గొంతు మూడవ వరుస దాటలేదు." మూడోది కూడా అలాగే అయితే ఏడాదంతా మళ్ళీ చదవాలి. జమ్మలమడుగులో మా నాయన అప్పటికే కనపడినవాళ్ళకంతా మా పాప టీచరైపోయిందని చెప్పేసి ఉన్నాడు. నాకు రాసే ఉత్తరాలు కూడా "టీచరమ్మకు" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట కనబడగానే ఉత్తరం మడిచి పెట్టె అడుగున పడేసేదాన్ని.

మూడో పాఠం సోమవారం, పెన్నానది మీద. శనివారం ఒంటిపూట బడి విడిచి వస్తుంటే రూమ్మేటు నా మొహంలోకి చూసింది.

"ఓమే, నువ్విట్ల పెన్నానది పెన్నానది అని గొణుక్కుంటా ఉంటే నీకు పిచ్చి పడతాది. గూఢచారి సినిమా ఆడతాంది, పోదాం పా."

"పాఠాల రోజుల్లో సినిమాకు పోగూడదంట గదా. ఎవరన్నా చూస్తే?"

"ఎవురు చూస్తారు? గూఢచారి సినిమాకు గూఢచారుల మాదిరే పోదాం."

అలాగే పోయాం. పెద్ద బజారు వదిలి బంగారం అంగళ్ళ వెనక సందుల్లోంచి, తల మీదికి కొంగు లాక్కుని. టికెట్ల కిటికీ దగ్గర ఒకరి వెనక ఒకరం దాక్కున్నాం. ఆడవాళ్ళ బెంచీలో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు, ఇద్దరం ట్రైనింగు స్కూలు చీరలతోనే వచ్చామని. తెల్లచీర, బెత్తెడు నీలం అంచు. ప్రొద్దుటూరులో ఆ చీర కట్టుకుని దాక్కోవడం, పోలీసు టోపీ పెట్టుకుని దొంగతనానికి పోయినట్టు.

ఆ సినిమాలో దేశ రహస్యం ఒకటి కుంకుమ భరిణె అడుగున దాచి ఉంటుంది. నల్లకోటు వేసుకున్న గూఢచారి దాని కోసం ఊళ్ళు తిరుగుతూ ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కొడుతుంటాడు.

"ఈ ఎండకు ఆ కోటేందమ్మా, ఉడికిపోడూ?" అంది నా పక్కన శెనక్కాయలు ఒలుచుకుంటున్నామె.

అంతలో తెర నిండా ఒక ఉత్తరం కనబడింది. ఆ బెంచీల్లో చదువొచ్చినవాళ్ళు తక్కువ. "ఏం రాసినాడు? ఏం రాసినాడు?" అని ఒకటే గోల. శెనక్కాయలామె నా చీర అంచు పట్టుకుని చూసి, "ఉండండమ్మా, ఈడ ట్రైనింగు టీచరమ్మ ఉండాది, చదువుతాది" అని అందరికీ వినపడేలా చెప్పేసింది.

నేను గొణిగాను.

"గట్టిగా చెప్పు పాపా, ఎనకోళ్ళకు వినపడల్లా!"

ఇక్కడా అదే మాట! ఉత్తరం తెర మీద నుంచి పోతుందేమోనని నాకు కంగారు. "భరిణె రైల్లో వస్తోంది! మూత తీసినవాడు బతకడు!" అని ఒక్క అరుపు అరిచాను. ఆడవాళ్ళంతా "అమ్మో" అని గుండెల మీద చేతులు వేసుకున్నారు. అడ్డుగోడ అవతల మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "ఇంకోతూరి చదువు తల్లీ" అన్నాడు. అక్కడి నుంచి ఉత్తరాలు, టెలిగ్రాములు, తలుపుల మీద బోర్డులు అన్నీ నా వంతే. కథలో ఒక నర్సు ఉంది. ఆమె కనబడినప్పుడల్లా "ఈ యమ్మ మంచిదా, చెడ్డదా?" అని నన్నే అడిగేవారు. నాకు మాత్రం ఏం తెలుసు? "మీరే ఆలోచించండి" అన్నాను. జవాబు తెలియనప్పుడు ఏం చెయ్యాలో నేర్పినంత బాగా ట్రైనింగులో ఇంకేదీ నేర్పలేదు.

హాస్టలుకు వచ్చి గూఢచారికి కూడా విమర్శ రాశాను. డైరీలో అది ఇప్పటికీ ఉంది: "ఉపకరణములు ఎక్కువ, తుపాకులే నాలుగు. ప్రశ్న అడిగి, జవాబుకు వ్యవధి ఇవ్వక కొట్టుచున్నాడు. గొంతు బాగున్నది."

సోమవారం వచ్చింది. వెనక పదిమంది, మధ్యలో పెద్ద టీచరు గారు. గోడకు పటం తగిలించి, "పెన్నానది నంది కొండల్లో పుట్టి..." అని మొదలుపెట్టాను. నా మాట నా చెవికే అందలేదు. వెనక కాగితాల మీద కలాలు కదలడం మాత్రం బాగా వినపడింది.

చివరి బల్ల మీద ఒక పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, వినపడల్లా. శనివారం సినిమాల మీరు శానా గట్టిగా చదివినారంట, మా యమ్మ చెప్పింది. అట్ల చెప్పండి టీచర్."

శెనక్కాయలామె కూతురు! పిల్లలు గొల్లుమన్నారు. రూమ్మేటు తల పుస్తకంలో దూర్చేసింది. పెద్ద టీచరు గారి కలం ఆగిపోయింది.

నా పని అయిపోయింది అనుకున్నాను. అయిపోయింది అనుకున్నాక ఇంక దేనికి భయపడాలో తెలియలేదు. చివరి బల్ల వైపు చూశాను. ఆ పిల్ల అచ్చం వాళ్ళమ్మలాగే, ఏం రాసినాడో చెప్పమన్నట్టు మెడ చాచి కూర్చుంది. నేను మళ్ళీ నంది కొండల్లోంచి బయల్దేరాను, ఈసారి గొంతుతో సహా. నది జమ్మలమడుగు దగ్గర కొండను చీల్చుకుని వచ్చేసరికి వెనక పిల్లలు లేచి నిలబడి పటం చూస్తున్నారు. "ఇప్పుడు ఎటు పోతుంది?" అంటే, "మన ఊరికే టీచర్!" అని కేకలు.

విమర్శలో రూమ్మేటు "పటము వంకరగా తగిలించినది" అని చదివింది. గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్తుంటే పెద్ద టీచరు గారు నన్ను ఉండమన్నారు. నా రికార్డు తెరిచి ఎర్ర సిరాతో రాశారు. ఎదురుగా నిలబడి అక్షరాలు తలకిందులుగానే చదువుకున్నాను: "గొంతు చివరి బల్ల వరకు వినిపించినది. ఉత్తీర్ణురాలు."

నేను దణ్ణం పెట్టేలోపే ఆమె కలం మూత పెట్టి, "పాఠాల రోజుల్లో సినిమాకు వెళ్ళకూడదని నియమం ఉంది కదా?" అన్నారు.

"ఉందండీ."

"పూర్తిగా చూశావా?"

"చూశానండీ."

ఆమె తలుపు వైపు ఒకసారి చూశారు. మేము "యాడ" అంటే "ఎక్కడ" అని దిద్దే మనిషి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ముందు శనివారం నేను గూడా పోతి మే. పులివెందుల బస్సుకు టైమైందని సగంలో లేచొచ్చేస్తి. ఆ నర్సు మంచిదా, చెడ్డదా? భరిణె యాడ దొరికింది?"

నవ్వితే ఏమవుతుందోనని పెదవి కొరుక్కున్నాను. వరండాలో ఎవరైనా వింటారేమోనని గొంతు బాగా తగ్గించి, "నర్సు మనవైపేనండీ. భరిణేమో..." అని మొదలుపెట్టాను.

"గట్టిగా చెప్పు మే," అన్నారు పెద్ద టీచరు గారు, తల నా వైపు వంచి. "వినపడల్లా."