కోటమ్మత్తకు పెట్టిన పరీక్ష

దెయ్యాలనూ పూనకాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ గుడి గడప తొక్కను. కింద రాసింది చదివి నేను మారిపోయానని ఎవరూ సంబరపడకూడదని ఆ సంగతి ముందే చెబుతున్నాను.

తొంభైల చివర్లో పర్చూరు దగ్గర మా ఊళ్లోనే సైన్సు మాస్టారుగా పనిచేసేవాణ్ణి. సెలవుల్లో కొందరు మిత్రులతో కలిసి ఊరూరా తిరిగి, బాబాల గుట్టు విప్పే ప్రదర్శనలు ఇచ్చేవాళ్లం. ఖాళీ చేతిలోంచి విభూతి రాల్చడం నా వంతు. వేళ్ల సందున ఉండ దాచడం, జనం చూస్తుండగానే మాయం చేయడం నాకు బాగా అలవాటు.

మా మేనత్త కోటమ్మకు కొలుపుల్లో పోలేరమ్మ పూనేది. నా హైస్కూలు చదువంతా ఆమె చేతి అన్నంతోనే గడిచింది. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందుకీ చావలేదు. ఇంకోసారి మందు కొట్టాలో, చేను దున్నేయాలో తల్లినే అడుగుదామని రైతులు కొలుపుల దాకా ఆగారు. నాకు ఒళ్లు మండింది. దేవుడు లేడని సైన్సుతో రుజువు చేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం. డప్పులు మోగుతున్నాయి. అత్త జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగుతోంది. నేను గుడి వెనక ఎవరో పేర్చిన పత్తి బోరేల దగ్గరికి వెళ్లాను. ఒక గోతం చిరుగులోంచి కాస్త పత్తి లాగి, తడిమి గింజ తీసి, గుప్పిట మూశాను. నన్నెవరూ చూడలేదు. కంగారులో ఆ గింజ ఎలా ఉందో నేనూ చూడలేదు.

వచ్చి అత్త ఎదురుగా నిలబడ్డాను.

“నా గుప్పిట్లో ఏముందో చెప్పమనండి. తప్పయితే పూనకం అబద్ధం. ఒప్పయితే నేనే కొబ్బరికాయ కొడతా.”

“ఏరా మాస్టారూ, తల్లికే పరీక్షా? మార్కులెన్నేస్తావేంటి?” అన్నాడు పక్కింటి వెంకయ్య. జనం నవ్వారు.

అత్త ఊగడం ఆపింది. నా గుప్పిట వంక చూడలేదు. నా మొహంలోకి చూసింది.

“పత్తి గింజరా. అదీ పుచ్చుది.”

డప్పులు ఆగాయి. ఆలోచించి చేసిన పని కాదు. చేయి పైకెత్తేలోపే గింజ వేళ్ల సందుకు జారింది. గుప్పిట విప్పి అందరికీ చూపించాను. ఖాళీ.

“తల్లికి చూపు ఆనట్లేదే కోటమ్మా, కళ్లజోడు పెట్టించాలేమో!” అన్నాడు వెంకయ్య. ఈసారి నవ్వు ఆగలేదు.

బాబాల మోసం బయటపెట్టడానికి నేర్చుకున్న విద్య అది.

ఇంటికొచ్చాక గింజను వెలుతురులో పెట్టి చూశాను. ఒక పక్కన పురుగు తొలిచిన సన్నటి కన్నం ఉంది. పెరట్లోకి విసిరేశాను.

ఆ తర్వాత ఏ కొలుపుల్లోనూ అత్తకు పూనలేదు. పసుపు కుంకుమలు పట్టుకుని ఆమె గుమ్మానికి వచ్చే ఆడవాళ్లు మానేశారు. కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు మిరప కల్లంలో తాలు కాయలు ఏరుతూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఒరేయ్ రాంబాబూ, పుచ్చు గింజ అన్నానంటగా. నాకు తెలివి లేదప్పుడు. నిజంగానే నీ చేతిలో ఏం లేదా?”

దగ్గర్లో ఇంకెవరూ లేరు. చెప్పేయొచ్చు.

“లేదత్తా” అన్నాను.

“అయితే అప్పటికే తల్లి నన్నొదిలేసిందన్నమాట. ఏం తప్పు చేశానో ఏంటో.”

మళ్లీ కాయల మీదికి వంగింది. చూస్తుండగానే మంచి కాయల్ని కూడా తాలు కుప్పలో వేసేస్తోంది. నేను ఒక్కొక్కటీ తీసి ఇవతల పెట్టాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. రెండువేల దశకం మధ్యలో ఆమె చనిపోయింది.

అప్పటి నుంచి ఎన్నో రకాలుగా ఆలోచించాను. పత్తి ఊళ్లో పత్తి గింజ అని ఊహించడం కష్టమేమీ కాదు. పురుగు పట్టిన ఏడు పుచ్చు గింజ అనడం అంతకన్నా తేలిక. కానీ కాసులు, పసుపు కొమ్ములు, నిమ్మకాయలు చేతికందేలా ఉన్న చోట అదే మాట ఎందుకు వచ్చింది? నా మొహం చూసి పసిగట్టిందనుకుందామన్నా, పుచ్చుదని నాకే తెలియదు. ఒక్కసారి జరిగినదాన్ని రుజువనలేం. మళ్లీ అడిగి చూడాలి. ఆ దారి మూసేసింది నేనే.

సైన్సుతో దేవుడు ఉన్నాడనో లేడనో తేల్చగలమా అని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. నాకు తెలియదని చెబుతాను. మీరెప్పుడైనా పరీక్ష పెట్టి చూశారా మాస్టారూ అని ఎవరైనా అడిగితే మాత్రం పాఠంలోకి వెళ్లిపోతాను.

ఆమె ఎలా చెప్పగలిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. కల్లంలో అత్త అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు.

ఉందత్తా. పుచ్చు గింజే.